పదిహేడో మంచం మీద పళ్ల సెట్టు

విజయవాడ ఆస్పత్రి మెట్లు దిగేటప్పటికి మాజేటి పానకాలరావు దగ్గరున్న సరుకు ఇంత: కుట్లు ఆరుతున్న పొట్ట ఒకటి, హెర్నియా తీసేయగా మిగిలినది. మందుల సంచీ ఒకటి. ఎడం మణికట్టుకి ఆస్పత్రివాళ్లు బిగించిన నల్ల వాచీ ఒకటి. జేబులో సెల్‌ఫోను, అందులో ఆ పొద్దుటే కాపురానికి వచ్చిన ‘తోడు’ అనే యాప్. పక్కన భార్య రత్తమ్మ. బస్తా దించినచోటే తూకం చూసుకోవాలని తెనాలి బజారు మొత్తానికి నీతి చెప్పే మనిషి, తన తూకం తాను చూసుకోకుండా ఆటో దగ్గరికి నడిచాడు.

బస్టాండుకి ఆటోవాడు ఒక రేటు చెప్పాడు. అలవాటు ప్రకారం దాన్ని సగానికి కోద్దామని పానకాలు నోరు తెరిచాడు. మాట రాలేదు. గాలి వచ్చింది.

"ఏంటి బాబాయ్, ఈల వేస్తన్నారు?" అన్నాడు ఆటోవాడు.

పానకాలు నాలుకతో పైన తడిమాడు, కింద తడిమాడు. రెండు చోట్లా చిగుళ్లే. ఆపరేషనుకి ముందు నర్సు పళ్ల సెట్టు తీయించి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత మీద ఆయన నంబరున్న చీటీ అంటించింది. ఆ తర్వాత పెట్టిందంతా జావే కాబట్టి పళ్ల అవసరం పడలేదు. డిశ్చార్జి నాడు పదకొండు గంటలకల్లా మంచం ఖాళీ అవ్వాలని అందరూ తరమడంతో అవి గుర్తూ రాలేదు.

వెంటనే వెనక్కి తిరిగాడు. ఆయన చేతి వాచీని చూడగానే గాజు తలుపులు ఠక్కున మూసుకున్నాయి. తలుపు పైన పెద్ద ఎర్ర అక్షరాల బోర్డు వెలుగుతోంది: ‘ఇంటికెళ్లి ముప్పై రోజుల్లో తిరిగొచ్చినవారు: 0’.

"లోపలికి పంపకూడదు పెద్దాయనా," అన్నాడు వాచ్‌మన్. "మీరు అడుగు పెడితే ఆ సున్నా పోయి ఒకటి పడుద్ది. నా ఉద్యోగం కూడా దాంతోనే పోద్ది."

"ఫళ్లయ్యా, నా ఫళ్లు!"

"పళ్లు బయట బండి మీద అమ్ముతారు," అన్నాడు వాచ్‌మన్ ఎంతో మర్యాదగా.

పానకాలు ఆటోవాడు అడిగిన రేటుకే ఆటో ఎక్కాడు. పెళ్లయ్యాక భర్త అట్లా ఒక మాటకి లొంగడం రత్తమ్మ చూడ్డం అదే మొదటిసారి. ఎందుకైనా మంచిదని ఆవిడ ఆ క్షణాన్ని మనసులో దాచుకుంది.

పళ్లు లేకపోతే అన్నం మెత్తగా వండుకోవచ్చు. పానకాలు బాధ అన్నం గురించి కాదు. అప్పుడే తెనాలి బజార్లోని ఆయన పప్పుధాన్యాల కొట్లోకి మినుములు దిగుతున్నాయి. మినుముల్లో తేమ ఎంతుందో ఆయన చూసేది పంటితో. గింజ పంటి కింద టక్కుమని రెండు బద్దలైతే ఎండిన సరుకు. మెత్తగా అణిగితే పచ్చి సరుకు, నెల తిరిగేసరికి బస్తాలో బూజు. ఆయన కొరికి చెప్పిన మాట మీదే ఇటు రైతూ అటు మిల్లువాడూ బేరం కుదుర్చుకునేవాళ్లు. ఇప్పుడు కొట్లో ఉన్నది బావమరిది చలమయ్య. చలమయ్యకి పళ్లు ముప్పై రెండూ ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ బుద్ధి లేదు. గింజ కొరకమంటే నమిలి మింగేసి, "బానే ఉంది బావా, ఇంకో గుప్పెడు చూడమంటావా?" అనే రకం.

రోజు ఆలస్యమైతే ఒక లారీ పచ్చి సరుకు. అదీ లెక్క.

ఇంటికి రాగానే ‘తోడు’ పలికింది. "నమస్కారం. మీరు కోలుకుంటున్నారా? దయచేసి కెమెరా ముందు నవ్వండి."

పానకాలు నవ్వాడు.

"క్షమించండి. ఈ వ్యక్తి రోగి కాదు. దయచేసి రోగిని పిలవండి."

ఆస్పత్రిలో చేరిన రోజు ఫోటో తీసినప్పుడు ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఊరికే తీస్తున్నారంటే ఎవరికి నవ్వు రాదు? ఇప్పుడు బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కు దగ్గరికి వచ్చి, ఆయన వాళ్ల తాతలా ఉన్నాడు.

"నేనే రోగిని!" అన్నాడు పానకాలు.

"గొంతు సరిపోలడం లేదు. మీరు రోగికి ఏమవుతారు?"

"ఇన్నాళ్లు కాపురం చేసి నేనే పోల్చుకోలేకపోతన్నాను, పాపం దానికేం తెలుసుద్ది?" అంది రత్తమ్మ.

మర్నాడు చలమయ్యని విజయవాడ పంపారు. సాయంత్రం వచ్చి చెప్పిన సంగతి ఇది.

"పళ్లు క్షేమం బావా. పదిహేడో మంచం మీద ఉన్నయ్యి. దిండు మీద పడుకోబెట్టి, గడ్డం దాకా దుప్పటి కప్పారు."

"గడ్డం ఎక్కడుందిరా వాటికి?"

"కింది వరస దాకా అనుకో. నర్సమ్మ కరుణకుమారి గారు చెప్పింది. డబ్బా మీద చీటీలో నీ నంబరుంది. మంచం కింద మిషను ఆ చీటీని చదవతంది. చీటీ మంచం మీదే ఉంది కాబట్టి రోగి మంచం మీదే ఉన్నాడని కంప్యూటరు అంటంది. డబ్బా కదిపితే రోగి పారిపోతన్నాడని గంట మోగుద్ది. అందుకని మూడు పూటలా జావ వస్తంది. డాక్టరు గారు రౌండుకొచ్చి చూసి పోతన్నాడు."

"చూసి ఏమన్నాడు?"

"నొప్పుందా అని అడిగాడు. పళ్లేం మాట్లాడలా. లేదని రాసుకున్నాడు. నీకంటే నెమ్మదస్తులని వార్డంతా చెప్పుకుంటన్నారు బావా."

కంప్యూటరు మరీ అంత తెలివితక్కువది కాదు. ఒక రోగి చీటీ విజయవాడ మంచం మీదా, వాచీ తెనాలి ఇంట్లోనూ ఉన్నట్టు అది కనిపెట్టింది. రెండూ నిజమే కాబట్టి న్యాయంగా రెంటికీ మధ్య తీసింది. ఆ మధ్యాహ్నం, చలమయ్య ఇంకా తిరిగి రాకముందే, ‘తోడు’ హడావుడిగా పలికింది. "మీరు దుగ్గిరాల కాలవలో ఉన్నారు. దయచేసి ఒడ్డుకి రండి. మీ నాడి ముప్పై ఆరు. మీరు ప్రశాంతంగా ఉన్నందుకు అభినందనలు." పానకాలు నాడి డెబ్బై రెండు. పళ్ల నాడి సున్నా.

పొద్దుగూకే వేళకి ఆస్పత్రి కారు ఇంటిముందు ఆగింది. అందులోంచి ‘ఇంటిదాకా తోడు’ పథకం అధిపతి హర్షవర్ధన్ దిగాడు. మెడలో టై, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు, బూట్లలో నీళ్లు. అప్పటిదాకా దుగ్గిరాలలో వెతికి వస్తున్నాడు.

రత్తమ్మ తువ్వాలిచ్చి, కాఫీ ఇచ్చింది. ఆయన కాఫీ పక్కన పెట్టి, ముందు వాచీని పరీక్షించాడు, తర్వాత ఫోనుని పరీక్షించాడు. పానకాలు వైపు చూడలేదు.

"అమ్మా, ఆందోళన చెందనవసరం లేదు," అన్నాడు. "మా సంస్థ దృక్పథంలో రోగి అనగా కేవలం వ్యక్తి కాదు, ఒక నిరంతర సమాచార ప్రవాహం. ఆ ప్రవాహం ప్రస్తుతం ద్విస్థానీయంగా ఉన్నది. సాంకేతికంగా వీరిది పాక్షిక గృహప్రవేశం."

"ఏందయ్యా అంటే?" అన్నాడు పానకాలు. గాలి తీసేస్తే మిగిలిన మాట అదే.

"అంటే సర్, మీలో మెజారిటీ భాగం ఇంటికి చేరింది. మౌలిక భాగం మా సంరక్షణలో ఉంది."

"ఆ మౌలికం నాకు ఇచ్చెయ్యి."

"ఇవ్వడమనేది నియమావళిలో లేదు సర్. రోగిని ఎవరికీ ‘ఇవ్వం’. డిశ్చార్జి చేస్తాం. అందుకు మూడు అర్హతలు. రోగి స్వయంగా వరండా చివరిదాకా వెళ్లి రావాలి. ఒక పూటంతా ఏ ఫిర్యాదూ చెయ్యకూడదు. ఇంటిదగ్గర చూసుకోవడానికి శిక్షణ పొందిన అటెండెంటు ఉండాలి. రెండో అర్హతలో రోగికి ఇప్పటికే నూటికి నూరు మార్కులు. నిజం చెప్పాలంటే, మా పథకం చరిత్రలో ఇంత సహకరించిన రోగి మరొకరు లేరు."

"మా ఆయన కూడా ఇప్పుడు బాగానే సహకరిస్తన్నారు," అంది రత్తమ్మ.

"మరి వీరెవరు?" అన్నాడు హర్షవర్ధన్ అప్పుడు పానకాలుని చూసి. ఫోను ఆయన ముఖానికి పట్టాడు. "ఈ వ్యక్తి రోగి కాదు," అంది ‘తోడు’.

పానకాలు తిట్టడానికి నోరు తెరిచి, టక్కున మూశాడు. వ్యాపారంలో ఆయనకొక సూత్రం ఉంది. ఎదుటివాడు నీ సరుకుని పనికిరాదన్నాడంటే కోప్పడకు. ఆ మాట వాడికే తిరిగి ఎట్లా అమ్మాలో చూడు. నేను రోగిని కానంటోంది. రోగికే కదా ఆస్పత్రిలోకి వెళ్లకూడదన్న నియమం?

"నేను అటెండెంటుని," అన్నాడు నిదానంగా, ఒక్కో అక్షరం చిగుళ్ల మీద నిలబెట్టి. "శిక్షణకి ఎప్పుడు రమ్మంటారు?"

హర్షవర్ధన్ ముఖం వెలిగింది. "రేపే రండి సర్! కుటుంబ భాగస్వామ్యం మా పథకానికి ఊపిరి!"

ఇక అడ్డు వాచీ ఒక్కటే. అది ఊడదీయరాదని ఆస్పత్రివాళ్లు చెప్పారు. రత్తమ్మ పళ్లెంలో సబ్బునీళ్లు కలిపింది. పురిటింటి నుంచి పెళ్లింటిదాకా ఎందరి చేతులకో ఇరుకు గాజులు తొడిగిన మనిషి. బొటనవేలు లోపలికి మడిచి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి, వాచీని గాజులా జార్చేసింది. దాన్ని చలమయ్య చేతికి తొడిగి కొట్టుకి పంపారు.

మర్నాడు గాజు తలుపులు పానకాలుని చూసి విశాలంగా తెరుచుకున్నాయి. "అపరిచితునికి స్వాగతం," అన్నాయి. వాచ్‌మన్ తేరిపార చూశాడు. "మొన్న పళ్లడిగింది మీరు కాదూ?"

"వాళ్లన్నయ్య," అంది రత్తమ్మ వెనకనుంచి.

శిక్షణ ఆ పూటంతా సాగింది. రోగిని మంచం మీదనుంచి లేపేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలన్నారు. పానకాలు పైవరస పట్టుకున్నాడు, రత్తమ్మ కిందివరస పట్టుకుంది. రోగి మనసు నొచ్చుకునేలా మాట్లాడకూడదన్నారు. ఒంటరితనం రాకుండా రోజూ కాసేపు కబుర్లు చెప్పాలన్నారు. పానకాలు దిండు దగ్గర వంగి, మినుముల ధరలు చెప్పాడు. పళ్లు చేతికందేంత దూరంలో ఉన్నాయి, పెట్టుకోడానికి లేదు. ఒక్కసారి చెయ్యి నోటిదాకా వెళ్లింది కూడా. సిస్టర్ కరుణకుమారి గబుక్కున పట్టుకుంది.

"తాతగారూ, మీకు పుణ్యముంటది, ఇక్కడ పెట్టుకోకండి. పళ్లతో మీ మొహం కెమెరాకి కనపడిందంటే పాత రోగి తిరిగొచ్చాడని బోర్డు మీద ఒకటి పడుద్ది. మళ్లీ మొదట్నించీ పరీక్షలు. ఈసారి మీకూ, వాటికీ చెరొక మంచం."

నడక పరీక్షకి ఆవిడే దారి చూపించింది. గంట మోగకుండా కంప్యూటరులో ‘నడక పరీక్ష’ అని నొక్కి, జావ తెచ్చే బండి మీద డబ్బా పెట్టి వరండా చివరిదాకా తోసింది, మళ్లీ వెనక్కి తోసింది. గోడల మీది మిషన్లు చీటీని చదువుకున్నాయి. కంప్యూటరు రాసుకుంది: ‘రోగి ఊతం లేకుండా నడిచారు. నడక సాఫీగా ఉంది. మోకాళ్ల నొప్పులు లేవు.’

ఆ మధ్యలో ఫోనులో ‘తోడు’ అటెండెంటు గారికి కబురు చెప్పింది. "మీ రోగి వాచీ ప్రకారం, వారు పొద్దుటినుంచీ నిద్రలోనే ఉన్నారు. మధ్యలో రెండుసార్లు అటు నుంచి ఇటు తిరిగారు."

"కొట్లో నిద్రపోతన్నాడా వెధవ!" అన్నాడు పానకాలు.

"రోగి మనసు నొచ్చుకునేలా మాట్లాడకండి," అంది ‘తోడు’.

మూడు అర్హతలూ పూర్తయ్యాయి. కానీ అంతటి రోగిని ఊరికే పంపడానికి హర్షవర్ధన్‌కి మనసొప్పలేదు. సభ పెట్టించాడు. వేదిక మీద బల్ల, బల్ల మీద పట్టుగుడ్డ, దాని మీద దిండు, దిండు మీద పళ్లు. దిండుకి బంతిపూల దండ వేశారు. పక్క కుర్చీలో అటెండెంటు.

"సోదర సోదరీమణులారా," అన్నాడు హర్షవర్ధన్. "జ్వరం లేదు. రక్తపోటు లేదు. చక్కెర లేదు. ఆహారం పట్ల అత్యాశ లేదు. ఫిర్యాదు అనే పదమే ఎరుగని ఈ రోగి సంపూర్ణ ఆరోగ్యానికి నిలువెత్తు నిదర్శనం. ఇకనుంచి ప్రతి వృద్ధుడూ ఈ స్థాయికి చేరేలా కృషి చేస్తామని ఈ వేదికపై ప్రతిజ్ఞ చేస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఉన్న నిజం వృద్ధులు కొందరు ఒకళ్లనొకళ్లు చూసుకుని కుర్చీల్లోంచి లేచిపోయారు.

"ఇంటిదగ్గర ఈ రోగికి మరో ముప్పై రోజులు మా సంరక్షణ కొనసాగుతుంది," అన్నాడు హర్షవర్ధన్. "రోజుకి నాలుగుసార్లు కెమెరా, డబ్బాకి చీటీ, వారానికొక సందర్శన. ఈ సమయంలో గట్టి పదార్థాలేవీ తాకరాదు. చీటీ డబ్బా మీదే, రోగి డబ్బాలోనే. ఇప్పుడు అటెండెంటు గారు రెండు మాటలు చెబుతారు."

పానకాలు లెక్క వేసుకున్నాడు. ముప్పై రోజులు డబ్బాలోనే! అప్పటికి మినుములన్నీ చలమయ్య పొట్టలోకో, బూజులోకో పోతాయి.

ఆయన లేచాడు. మైకు ముందు నిలబడ్డాడు. నిదానంగా వంగి, దిండు మీది పళ్లు తీసి, గడ్డం దాకా తెచ్చి ఆగాడు. వేదిక మీద కెమెరా ఎర్రగా మెరుస్తోంది. గోడ మీద బోర్డు సున్నా చూపిస్తోంది.

హర్షవర్ధన్ గబగబా దగ్గరికి జరిగాడు. "సర్," అన్నాడు నవ్వు మాయకుండా, గొంతు మాత్రం తగ్గించి. "ఇక్కడ వద్దు సర్. దయచేసి."

పానకాలు భుజం మీది కండువా తీసి హర్షవర్ధన్ చేతి మీద కప్పాడు. పశువుల సంతలో పెద్దలు బేరమాడినట్టు, కండువా కింద ఆయన వేళ్లు పట్టుకున్నాడు. హర్షవర్ధన్‌కి ఆ భాష రాదు. కానీ భయానికి అన్ని భాషలూ వస్తాయి. మూడు వేళ్లు చాపాడు, ముప్పై అన్నట్టు. పానకాలు ఒకటి మడిచాడు. పళ్లు అంగుళం పైకి లేచాయి. హర్షవర్ధన్ రెండోది మడిచాడు. పళ్లు పైపెదవికి తగిలాయి. మూడోది దానంతటదే మడుచుకుంది. అప్పుడు పానకాలు ఆ పిడికిలిని ఆప్యాయంగా నొక్కాడు. బేరం ముగిసింది.

"రోగి యొక్క అసాధారణ ప్రగతిని పరిగణనలోకి తీసుకుని," అన్నాడు హర్షవర్ధన్ మైకులో, "మిగతా సంరక్షణను పూర్తిగా రద్దు చేయడమైనది."

కంప్యూటరు ‘డిశ్చార్జి’ అంది. సిస్టర్ కరుణకుమారి కిసుక్కున నవ్వుతూ డబ్బా మీది చీటీ పీకి రత్తమ్మ చేతిలో పెట్టింది. రోగికి చక్రాల కుర్చీ వచ్చింది. అటెండెంటు వెనక నడిచాడు. గేటు దాటాక, వాచ్‌మన్ చూస్తుండగానే, పానకాలు కుళాయి కింద పళ్లు కడుక్కుని నోట్లో పెట్టుకున్నాడు. మొట్టమొదటి మాట ఆటోవాడితో: "సగానికి వస్తావా, రావా?"

సాయంత్రానికి కొట్లో ఉన్నాడు. నిద్రపోతున్న చలమయ్యని లేపి, చేతి వాచీ తీయించి, కొన్న బస్తాల్లోంచి ఒక్కో గింజ కొరికాడు. రెండు బస్తాలు మెత్తగా అణిగాయి. ఇంకా నయం, చలమయ్య నిద్రే కొట్టుని కాపాడింది; మెలకువగా ఉండుంటే లారీ నిండేది.

అంతలో కొలకలూరు నుంచి అంకమ్మరావు అనే రైతు సంచీలో మచ్చుకి మినుములు తెచ్చాడు. పానకాలు గింజ కొరికాడు. కాస్త అణిగింది.

"ఇంకో రెండెండలు కావాలి. ఎండబెట్టి తీసుకురా. ఇట్టాగే ఇస్తానంటే ధర తగ్గుద్ది."

"ఏందండీ శెట్టిగారూ, ఆస్పత్రికెళ్లొచ్చి మరీ రాయైపోయారు. కొంచెం చూడండి!"

పానకాలు తాపీగా పళ్ల సెట్టు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. మళ్లీ పెట్టుకుని అన్నాడు: "ధర చెప్పింది నేను కాదురా అబ్బాయ్, మా పేషెంటు. నేను ఉత్త అటెండెంటుని. పేషెంటు మనసు నొచ్చుకునేలా మాట్లాడకూడదు."

అంకమ్మరావు ఆ నోటివంక చూశాడు. మనిషితో అయితే ఎంతైనా వాదించొచ్చు. పేషెంటుతో ఏం వాదిస్తాడు? సంచీ మూతి కట్టుకుని ఎండబెట్టడానికి పోయాడు.

ఆ విధంగా తేలిన లెక్క ఇది. పోయినవి: హెర్నియా ఒకటి, అది ఎట్లాగూ పోవలసిందే, రెండు బస్తాల పచ్చి సరుకు. తిరిగొచ్చినవి: పళ్లు, పైవీ కిందివీ, ఒక్కటి తగ్గకుండా. మిగిలినవి: ఒక బంతిపూల దండ, బావమరిది నిద్ర గురించి కంప్యూటరు ఇచ్చిన సాక్ష్యం, బేరంలో ఎదుటివాడి నోరు మూయించే మాట ఒకటి, దానికి అరుగుదల లేదు.

నష్టమంతా రత్తమ్మ వైపు పడిందని పానకాలు అనుకున్నాడు. ఇంట్లో ఆఖరి మాట రెండు రోజులు ఆవిడ చేతిలో ఉండి, మళ్లీ జారిపోయింది కదా. కానీ ఆవిడ కూడా వ్యాపారి ఇంటి మనిషే. ఆయన నంబరున్న చీటీని పోపులపెట్టెలో ఆవాల గిన్నె కింద దాచింది. ఆయన గొంతు పెరిగినప్పుడల్లా దాన్ని తీసి, జిగురు ఆరిందా, మళ్లీ పళ్ల డబ్బాకి అంటుకుంటుందా అని వేలితో తాకి చూస్తుంది. ఆయన నోరు దానంతటదే మూతపడుతుంది.

లెక్క సరిపోయింది.